పూసిన చెరకు, పూయని మూల: బంగారుపాళ్యం వైపు ఒక కేస్ స్టడీ

డిసెంబరు మొదటి వారంలో ఒక రైతు ఫోన్ చేశాడు. "సార్, బావికాడ మడి పూరా పూసేసింది. మాకు గానుగ వంతు సంక్రాంతి పోయినాకనే. అంతదాకా చెరుకు తట్టుకుంటాదా? పూత ఆపే మందు ఏదన్నా ఉంటే చెప్పండి, పొద్దు మునిగేలోగా కొట్టించేస్తా."

మందు జోలికి పోవద్దని, మిగతాది పొలం చూసి మాట్లాడదామని చెప్పాను. వెన్ను (గడ కొసన వచ్చే పూగుత్తి) బయటపడ్డాక పూతను వెనక్కి పంపే మందు లేదు. డిసెంబరులో మన కంటికి కనిపించే పూతను చెరకు ఆగస్టులోనే ఖాయం చేసుకుంది. అక్కడి నుంచి డిసెంబరు దాకా జరిగిందంతా అప్పటి నిర్ణయం అమలు కావడమే. ఈ కేసు అంతా ఆ ఆగస్టులో ఏం జరిగిందన్నదే.

పొలం

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మండలంలో అడవి అంచున ఉన్న ఊరు. రైతుకు అరవై దాటాయి. మూడు మళ్లలో చెరకు, కాస్త మామిడి తోట, పాడి ఆవులు ఉన్నాయి. చెరకు మిల్లుకు పోదు, ఊళ్లో గానుగకు పోయి బెల్లమవుతుంది. అందుకే పూత ఆయనకు ఇంత బెంగ. తూకం తగ్గితే ఒక నష్టం, రసం చెడి బెల్లం అచ్చు కట్టకపోతే రెండో నష్టం.

మూడు మళ్లలోనూ ఒకే రకం, ముచ్చెలు (నాటే గడ ముక్కలు) ఒకే తోట నుంచి తెచ్చినవి. రకం పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే "ఆ రకం పూస్తాదంట" అని నాలుగు ఊళ్లకు పాకుతుంది. అదే రకం ఇదే పొలంలో పూయకుండా కూడా ఉంది, అసలు సంగతి అదే.

బావికాడ మడి జనవరిలో నాటింది. బోరు పక్కనే ఉండటంతో నీటికి ఏ రోజూ కొదవ లేదు. పదింట ఎనిమిది గడలకు వెన్నులు వచ్చాయి. గట్టు మీద నుంచి చూస్తే మడి మీద కొంగల గుంపు వాలినట్టే ఉంది. నడిమి మడి కూడా అదే వారంలో నాటింది, కానీ దాని బోరు వేరు. అక్కడ పూత పలచగా, సాలుకు అక్కడొకటి ఇక్కడొకటి. గుట్టకింద మడిలో వరి కోశాక ఏప్రిల్ చివర్లో నాటారు. అందులో ఒక్క వెన్ను లేదు.

రైతు దగ్గర మూడు కారణాలు సిద్ధంగా ఉన్నాయి. ముచ్చెలు మంచివి కావు, యూరియా ఎక్కువైంది, లేదంటే దిష్టి. మొదటిది నిలవదు, ముచ్చెలు మూడు మళ్లకూ ఒకటే. రెండోది తలకిందులు, నత్రజని దండిగా ఉన్న చెరకు పూతకు వెనకాడుతుందే గానీ తొందరపడదు. మూడోదాని గురించి నేనేమీ అనలేదు.

లైటు కింద మూల

అసలు ఆధారం చూపించింది ఆయన భార్య. ఆవులకు చెరకు కొసలు కోసుకుపోవడానికి రోజూ మడిలో తిరిగేది ఆమే. "సార్, ఆ ఏనుగుల లైటు కింద చూడండి. ఆడ ఒక్కటి కూడా పూయలా" అంది.

కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులు దిగివచ్చే దారిలో ఉన్న ఊళ్లలో రాత్రి కాపలా కొత్త కాదు. వీళ్లు జూలైలో బావికాడ మడి మూల మీద స్తంభం పాతి ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు పెట్టారు. పొద్దు మునిగితే వేయడం, తెల్లారి ఆపడం. ఆ మూలలో చెరకు విసనకర్ర ఆకారంలో పూత లేకుండా నిలబడి ఉంది. స్తంభానికి దగ్గర్లో ఒక్క వెన్ను లేదు. దూరం పోయేకొద్దీ గడ చివర ఆకులోంచి అప్పుడే తొంగిచూస్తున్న వెన్నులు, ఇంకా దూరంలో పూర్తిగా విచ్చుకున్నవి.

రైతు ఒప్పుకోలేదు. స్తంభం పక్కనే పేడ దిబ్బ ఉంది, ఆ సారం దిగి అక్కడ చెరకు నల్లగా ఎదిగిందని, పూయకపోవడం దాని బలమేనని ఆయన వాదన. నత్రజని సంగతి నేనే చెప్పాను కాబట్టి ఆ వాదనను కొట్టిపారేసే వీలు లేదు. దిబ్బ చుట్టూ తిరిగి చూశాం. దిబ్బ స్తంభానికి ఎడమ పక్కన ఉంది, పూయని చెరకు రెండు పక్కలా ఉంది. అయినా అది చాలదు. తేల్చింది మోటారు గది. లైటుకు అడ్డంగా ఉన్న ఆ గది నీడ రాత్రిపూట మడి మీద పొడుగ్గా పడుతుంది. నీడ పడే పట్టీలో మాత్రం చెరకు గోడకు ఆనుకుని మరీ పూసింది. ఆ పట్టీకి రెండు వైపులా, లైటు పడే సాళ్లలో పూత లేదు. చీకటి పడ్డాక లైటు వేయించి నీడ అంచు వెంట నడిచాం. వెన్నులు ఉన్న సాళ్లు, లేని సాళ్లు ఆ అంచు దగ్గరే విడిపోయాయి. రైతు లైటు వైపు, మడి వైపు మార్చి మార్చి చూసి, "అయితే ఇది రాత్రిని లెక్కబెడతా ఉండాదా సార్?" అన్నాడు.

అవునన్నాను. అంతకంటే బాగా నేను చెప్పలేను.

చెరకు రాత్రిని ఎట్లా కొలుస్తుంది

పగటి పొడవును బట్టి మొక్కలు పూస్తాయని అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు 1920లో ప్రకటించారు. పొలంలో ఎంత ఎదిగినా పూయని ఒక పొగాకు రకం వాళ్లకు దారి చూపింది. మొక్క కొలిచేది నిజానికి పగటిని కాదు, తెగకుండా సాగే చీకటిని అని 1938లో హామ్నర్, బానర్ తేల్చారు. నడిరాత్రి కాసేపు వెలుగు చూపిస్తే మొక్క ఆ రాత్రిని పొడుగు రాత్రిగా లెక్కలోకి తీసుకోదు. చెరకు విషయంలోనూ ఇదే. రాత్రి మధ్యలో వెలుగు పడితే పూత ఆగిపోతుందన్నది పరిశోధన క్షేత్రాల్లో ఎన్నోసార్లు చూసిన సంగతి. మన ఏనుగుల లైటు రాత్రంతా వెలిగింది. ఆ మూలలో చెరకుకు ఆగస్టు రాలేదు, జూన్ నెలే సాగింది.

కొలిచేది ఆకు, ముఖ్యంగా మొవ్వు దగ్గరి లేత ఆకులు. వాటిలో ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఉంటుంది. ఎరుపు వెలుగు తగిలితే ఒక రూపంలోకి, చీకటిలో మెల్లగా మరో రూపంలోకి మారుతుంది. మొక్క లోపలి రోజువారీ గడియారం, ఈ వర్ణకం కలిసి రాత్రి ఎంత సాగిందో చెబుతాయి.

ఇక్కడ చిత్తూరు అక్షాంశం ముఖ్యం. మనకు పగటి పొడవులో తేడా ఏమంత ఉండదని చాలామంది అనుకుంటారు. జూన్ 21న పగలు 13 గంటలకు ఐదారు నిమిషాలు తక్కువ, డిసెంబరు 21న సుమారు 11 గంటల 20 నిమిషాలు. ఏడాది మొత్తం తేడా గంటన్నర. చెరకుకు అది చాలు. పగలు పన్నెండున్నర గంటల ప్రాంతానికి దిగి, రోజుకు అరనిమిషం పైన తగ్గుతూ పోవాలి, అట్లాంటి రాత్రులు వరసగా పదికి పైగా దొరకాలి. మనకు ఆగస్టు మొదట్లో పగలు 12 గంటల 42 నిమిషాలు, నెలాఖరుకు 12 గంటల 24 నిమిషాలు. పూతకు కిటికీ సరిగ్గా అక్కడ తెరుచుకుంటుంది. ఏప్రిల్ చివర్లోనూ పగలు ఇంతే ఉంటుంది కదా అని అడగొచ్చు. అప్పటికి మొక్క పసిది, పైగా పగలు తగ్గడం కాదు, పెరుగుతూ ఉంటుంది.

రైతుకు నిమిషాలు చెప్పలేదు, కార్తెలు చెప్పాను. ఆశ్లేష మొదలు మఖ దాటి పుబ్బ ముంగిట దాకా. కార్తె సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది, కాబట్టి ఏటా ఆ తేదీలకే వస్తుంది. శ్రావణం, భాద్రపదం అట్లా కాదు, అధికమాసం వస్తే నెల జరిగిపోతుంది. పగటి పొడవుతో ముడిపడిన ఏ పనికైనా కార్తె లెక్కే నమ్మకం. ఈ సంగతి మన వ్యవసాయ కరపత్రాల్లో ఎందుకు వాడరో నాకు ఆశ్చర్యం.

అదే రాత్రి, మూడు రకాల జవాబు

సూర్యుడు మూడు మళ్లకూ ఒకటే. మరి తేడా ఎందుకు?

గుట్టకింద మడి జవాబు సులువు. చెరకు పూత సంకేతాన్ని అందుకోవాలంటే మొక్కకు కొంత వయసు రావాలి, కనీసం రెండు నుంచి నాలుగు కణుపులు గట్టిపడి బయటికి కనిపించాలి. ఏప్రిల్ చివర్లో నాటిన చెరకు ఆశ్లేషలో ఇంకా పిలకలు పెట్టుకునే దశలో ఉంది. పొడుగు రాత్రులు దాని ముందు నుంచే పోయాయి, అది పట్టించుకునే వయసులో లేదు.

నడిమి మడిదే అసలు కథ. ఆగస్టు మొదట్లో అక్కడ మోటారు కాలిపోయింది. బాగుచేయించి మళ్లీ నీళ్లు పెట్టేసరికి సెప్టెంబరు సగం గడిచింది. ఆ ఏడు ఆగస్టు అంతా ముసురు పట్టింది గానీ నేల తడిసేంత వాన పడలేదు. పైగా ఆ మడి గరప నేల, కింద రాయి. నాలుగు రోజులు నీళ్లు లేకపోతే ఆకు చుట్టుకుంటుంది. రైతు దాన్ని తన దురదృష్టంగా చెప్పుకొచ్చాడు. పూత దశ నిర్ణయమయ్యే రోజుల్లో నీటి ఎద్దడి పడితే చెరకు పూత బాగా తగ్గుతుంది. హవాయి తోటల్లో ఒకప్పుడు పూత తగ్గించడానికి కావాలనే ఆ రోజుల్లో నీళ్లు ఆపేవారు.

ఎద్దడి పడిందనడానికి రైతు మాట ఒక్కటే ఆధారం కాదు, గడే చెబుతుంది. నడిమి మడిలో ఒక గడ కోసి, ఆకు ఒలిచి నిలబెట్టాం. మొదట్లో జానెడు జానెడు కణుపులు. ఛాతీ ఎత్తుకు వచ్చేసరికి నాలుగైదు కణుపులు రెండు వేళ్ల మందాన దగ్గర దగ్గరగా, పైన మళ్లీ పొడుగు. ఆ పొట్టి కణుపులే ఆగస్టు. బావికాడ మడి గడ పక్కన పెడితే అందులో ఆ పొట్టి పట్టీ లేదు. రెండు గడల కణుపులూ లెక్కపెడితే పూసిన గడలోనే తక్కువ. పూత నిర్ణయమైన రోజు నుంచి మొవ్వు కొస కొత్త ఆకును పుట్టించడం మానేస్తుంది. ఆ తరవాత విప్పుకునేవన్నీ అప్పటికే లోపల చుట్టుకుని ఉన్నవి. చివరి ఆకు మరీ చిన్నది, తొడుగు పొడుగు, రెక్క బెత్తెడు. పొలంలో నడుస్తూ ఆ పొట్టి రెక్క ఆకు కనిపిస్తే, వెన్ను ఇంకా బయటపడకపోయినా గడ పూతలో ఉన్నట్టే.

పోయినేడు ఇదే బావికాడ మడి ఎందుకు పూయలేదని రైతు అడిగాడు. పగటి ఎండ 32 డిగ్రీలు దాటినా, రాత్రి చలి 18 డిగ్రీల కిందికి దిగినా చెరకు పూత మందగిస్తుంది. పోయినేడు ఆగస్టు ఎండలు దంచాయని, ఆకు మాడిందని ఆయనే చెప్పాడు. ఈసారి ముసురు, చల్లటి పగలు, వెచ్చటి రాత్రులు. బోరు కింద తడి ఆరని నేల. ఇన్నీ ఒకేసారి కుదిరాయి.

మామిడి, కల్టార్, ఇంకా హార్మోన్ల సంగతి

"మామిడికి కల్టార్ పోస్తే పూత వస్తాది. చెరుకుకు దానికి ఎదురు మందు ఏదో ఉండాలి గదా సార్?" చిత్తూరు రైతు ఇట్లా అడగడం న్యాయమే. కల్టార్ అంటే పాక్లోబ్యూట్రజాల్. మొక్కలో గిబ్బరెల్లిన్ అనే హార్మోన్ తయారీని అది అడ్డుకుంటుంది. మామిడిలో గిబ్బరెల్లిన్ పూతకు శత్రువు, అది తగ్గితే కొమ్మ ఆకు వేయడం మాని పూస్తుంది. ఆ లెక్కన చెరకు మీద గిబ్బరెల్లిక్ ఆమ్లం కొడితే పూత ఆగాలి. ఒక దుకాణంలో ఈ సలహానే ఇచ్చారట.

చెరకు గడ్డి జాతి, అక్కడ కథ వేరు. చెట్టులో పూతను తొక్కిపెట్టే హార్మోన్ గడ్డిలో పూతకు సాయం చేస్తుంది. ఆస్ట్రేలియాలో లాయిడ్ ఎవాన్స్, రాడ్ కింగ్ లోలియం అనే గడ్డి మీద ఏళ్ల తరబడి పని చేశారు. ఆ గడ్డికి ఒక్క పొడుగు పగలు చూపిస్తే చాలు, ఆకులో గిబ్బరెల్లిన్లు పెరిగి కొసకు చేరి పూతను పురికొల్పుతాయని చూపారు. అది పొడుగు పగలు కోరే చల్లటి దేశాల గడ్డి, మన చెరకు కోరేది పొడుగు రాత్రి. కాబట్టి అక్కడి సంగతి అచ్చంగా ఇక్కడ దించలేం. కానీ చెరకులో గిబ్బరెల్లిక్ ఆమ్లం కణుపును సాగదీస్తుందన్నది తెలిసిందే. పూత కోసం సిద్ధమైన గడలో వెన్ను కాడను తొడుగులోంచి బయటికి తోసేదీ ఆ సాగదీతే. పూత ఆపడానికి అది కొట్టడం డబ్బు దండగ.

అసలు సంకేతం హార్మోన్ సీసాలో దొరికేది కాదు. ఆకులో పుట్టి కొసకు ప్రయాణించే ఏదో పదార్థం పూతకు కారణమని 1937లో సోవియట్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ ప్రతిపాదించి దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. డెబ్బై ఏళ్లు అది ఎవరికీ చిక్కలేదు. 2007లో రెండు బృందాలు విడివిడిగా దాన్ని పట్టుకున్నాయి. అందులో ఒకటి జపాన్‌లో వరి మీద పని చేసిన బృందం. అది ఒక చిన్న ప్రోటీన్, వరిలో దాని పేరు హెచ్‌డీ3ఏ. పొడుగు రాత్రులు వస్తే ఆకులో తయారై, రసనాళాల గుండా దిగి మొవ్వు కొసకు చేరి, ఇక ఆకులు చాలు వెన్ను వేయమని చెబుతుంది. రాత్రి మధ్యలో వెలుగు పడితే ఫైటోక్రోమ్ దాని తయారీని ఆపేస్తుంది. వరిలో రుజువైన ఈ వరస చూస్తే, మోటారు గది నీడ అంచు దగ్గర మనకు కనిపించిందేమిటో అర్థమవుతుంది.

సైటోకైనిన్లు అనే మరో రకం హార్మోన్ల పాత్ర చెప్పాలంటే వెదురు గుర్తొస్తుంది, అదీ గడ్డే. శేషాచలం కొండల్లో వెదురు పూసిందంటే పెద్దవాళ్లు కరువు వస్తుందని భయపడతారు. దశాబ్దాలకు ఒకసారి పూసి చచ్చిపోయే ఆ మొక్కను 1990లో పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో నాద్గౌడ, పరాశరామి, మస్కరేనస్ గాజు సీసాలో నెలల్లోనే పూయించారు. వాళ్లు వాడిన వాటిలో సైటోకైనిన్, కొబ్బరి నీళ్లు ఉన్నాయి. ముప్ఫై ఏళ్ల గడియారాన్ని సీసాలో ముందుకు తిప్పడం మామూలు విషయం కాదు. పొలంలో దీని ఉపయోగం ఏమిటంటే, ప్రస్తుతానికి ఏమీ లేదు. చెప్పకుండా ఉండలేక చెప్పాను.

పూత ఆపే మందు ఒకటి నిజంగా ఉంది, ఇథెఫాన్. మొక్కలోకి పోయి ఇథిలీన్ వాయువు విడుదల చేస్తుంది. అనాసలో అదే ఇథిలీన్ పూత రప్పిస్తుంది, చెరకులో పూతను ఆపుతుంది. బ్రెజిల్ వంటి చోట్ల పెద్ద తోటల్లో వాడతారు. కానీ కిటికీ తెరుచుకోబోయే ముందు, అంటే మన లెక్కలో ఆశ్లేష ముంగిట కొట్టాలి. తలకు మించి ఎదిగిన చెరకులో మొవ్వు మీద సమానంగా పడేట్టు కొట్టడం చేతి పంపుతో అయ్యే పని కాదు. మోతాదు తప్పితే ఎదుగుదలే ఆగుతుంది. సీసా మీద చెరకు పేరు లేని మందును నేను రాసివ్వను. మూడు మళ్ల రైతుకు ఇది పనికొచ్చే దారి కాదన్నది నా అభిప్రాయం.

నిలబడి ఉన్న చెరకును ఏం చేశాం

పూత వచ్చిందంటే చెరకు పోయిందని అనుకోవడం తప్పు. కొస పూతకు పోగానే ఎదుగుదల ఆగుతుంది, ఎదుగుదలకు పోవలసిన చక్కెర గడలోనే నిలుస్తుంది. కొన్ని వారాలు రసం బాగుపడుతుంది కూడా. చెడేది ఆ తరవాత. కొస బతికున్నంత కాలం పైనుంచి దిగే ఆక్సిన్ అనే హార్మోన్ కణుపుల దగ్గరి కళ్లను నిద్రపుచ్చి ఉంచుతుంది. కొస పూసి ఎండాక ఆ అదుపు పోతుంది, పై కళ్లు మొలిచి పక్క కొమ్మలు వేస్తాయి, అవి గడలోని చక్కెరనే తింటాయి. పై కణుపుల్లో బెండు బారుతుంది, రసం తగ్గుతుంది.

రసంలో తీపి శాతం కొలిచే బ్రిక్స్ మీటరు పెట్టి చూశాం. బావికాడ మడిలో పూసిన గడ అడుగున 21, పైన 20. నడిమి మడిలో పూయని గడ అడుగున 20, పైన 17. అంటే పూసిన మడి ముందే పండింది, పూయని మడికి ఇంకా నెల కావాలి. రైతు అనుకున్న వరస మాత్రం దీనికి సరిగ్గా తిరగబడి ఉంది. బావికాడ చెరకు బాగా ఎదిగింది కాబట్టి దాన్ని ధర కోసం ఫిబ్రవరి దాకా నిలబెట్టి, గిడసబారిన నడిమి మడిని ముందు ఆడించాలని ఆయన ఆలోచన.

వరస మార్చమన్నాను. గానుగ వంతు దగ్గరే చిక్కు వచ్చింది. చివరికి ఆయన బామ్మర్ది తన వంతు ఇచ్చాడు, బదులుగా ఫిబ్రవరి వంతు తీసుకున్నాడు. డిసెంబరు చివర్లోనే బావికాడ మడి గానుగకు పోయింది. బెల్లానికి వంక లేదు.

నా కోరిక మీద రెండు సాళ్లు మాత్రం కోయకుండా ఉంచారు. ఫిబ్రవరిలో ఆ గడలు అడ్డంగా కోస్తే పై మూడో వంతు నడిమధ్యలో తెల్లటి బెండు, వేలు పెడితే పొడిపొడిగా ఉంది. చెవిలో పెట్టుకునే పుల్ల దూరేంత బోలు కూడా ఒకటి రెండు గడల్లో కనిపించింది. పక్క కొమ్మలు జానెడు పొడుగు. ఆ రసం విడిగా వండించాం. సున్నం మామూలు కంటే ఎక్కువ పడింది, పాకం ఆలస్యంగా వచ్చింది, అచ్చు తీశాక బెల్లం వేలితో నొక్కితే దిగింది. ఇట్లాంటప్పుడే రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం డబ్బా తీయాలన్న ఆశ పుడుతుంది. ఆ రైతు తీయలేదు, ఆవులకు కలిపి పెట్టేశాడు.

మరుసటి ఏడు

మొదట ఆయన అడిగింది మడి చుట్టూ లైట్లు పెడదామా అని. కరెంటు ఖర్చు ఒకటి, రాత్రంతా వెలుగుకు చేరే పురుగులు ఒకటి. అంతకంటే, పూత పూర్తిగా ఆపాల్సిన అవసరమే లేదు. ఏ మడి పూస్తుందో ముందే తెలిస్తే కోత వరసను దాన్ని బట్టి పెట్టుకోవచ్చు. ఒక్క మడి పూయడం ఒక రకంగా మేలు, డిసెంబరుకే పండిన చెరకు చేతిలో ఉంటుంది.

బావికాడ మడి కార్శి (కోశాక మోడు నుంచి మళ్లీ వచ్చే పంట) దగ్గర మాకు మాట కలవలేదు. డిసెంబరులో కోసిన మడి కార్శి ఆశ్లేష నాటికి దండిగా కణుపులు వేసి ఉంటుంది, మళ్లీ పూస్తుంది, దున్నేసి వరి పెట్టమన్నాను. "ముచ్చె ఖర్చు లేకుండా వచ్చే పంటను దున్నేస్తే మా నాయన పైనుంచి తిడతాడు సార్" అన్నాడు. సగం దున్నాడు, సగం ఉంచాడు. ఉంచిన సగానికి ఆశ్లేష మొదటి నుంచి నీళ్లు ఆపాడు. మఖలో ఒక పెద్ద వాన పడింది, మేము కట్టిన కాలువ నోరు మేఘం విప్పేసింది. నైరుతి వానల కాలంలో నీళ్లు ఆపే పద్ధతికి ఉన్న బలహీనత ఇదే.

అక్టోబరు మొదట్లో వెన్ను కోసం ఎదురుచూడకుండా మొవ్వు చీల్చి చూశాం. గడ కొస కోసి, ఆకులు ఒక్కొక్కటి ఒలిచి, చివరి తెల్లటి మొగ్గను బ్లేడుతో నిలువునా రెండుగా చీలుస్తారు. పది రెట్లు పెద్దది చేసే చేతి అద్దం చాలు. పూతకు పోని కొస ఆవగింజ కంటే చిన్న గుండ్రటి గుబ్బ, చుట్టూ లేత ఆకులు. పూతకు పోయిన కొస పొడుగ్గా సాగి, ఒంటి నిండా చిన్న చిన్న బుడిపెలు ఉంటుంది, అవే రేపటి వెన్ను రెమ్మలు. మడి నలుమూలల నుంచి తెచ్చిన గడల్లో దాదాపు సగం బుడిపెలతో ఉన్నాయి. రైతు భార్య అద్దం తీసుకుని చాలాసేపు చూసి, "ఇంత ఉండి రెండు నెలలు దాక్కుంటాదా?" అంది. నవంబరులో వెన్నులు కూడా సుమారు ఆ లెక్కలోనే వచ్చాయి. పోయినేడు పదింట ఎనిమిది, ఈసారి సగం.

రకం మార్చడం అన్నిటికంటే నమ్మకమైన దారి. తిరుపతి దగ్గర పెరుమాళ్లపల్లె వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చెరకు రకాల మీదే పని జరుగుతుంది, పూత తక్కువ రకాలేవో అక్కడ అడగమన్నాను. చిత్రమేమంటే రైతు వద్దనుకునే ఈ పూత లేకపోతే ఆ రకాలు పుట్టేవే కావు. 1912లో కోయంబత్తూరులో చెరకు సంకరణ కేంద్రం పెట్టింది అక్కడ చెరకు బాగా పూసి విత్తనం కడుతుందనే. స్వర్ణముఖి ఇసుకలో పెరిగే రెల్లు లాంటి అడవి గడ్డిని మేలి చెరకుతో కలిపి బార్బర్, వెంకటరామన్ 1918లో కో 205 తెచ్చారు. పూతకు ముందుకురికే ఆ రెల్లు స్వభావం ఇప్పటి చెరకుల్లో ఎంతో కొంత మిగిలే ఉంది.

ప్రస్తుతం ఆ ఇంట్లో కోత వరస ఇట్లా కుదిరింది. కార్శి సగం నవంబరు చివర గానుగకు పోతుంది, గానుగ వంతు ముందే మాట్లాడుకున్నారు. నడిమి మడిని జనవరి బదులు మార్చి చివర నాటుతారు. ఆశ్లేష నాటికి కణుపులు పూర్తిగా గట్టిపడకుండా ఉంటాయని లెక్క, అది జనవరి చివర్లో ఆడుతుంది. గుట్టకింద మడి ఎప్పట్లాగే వరి తరవాత, ధర చూసుకుని మార్చి దాకా నిలబెట్టుకోవచ్చు. పెరుమాళ్లపల్లె ముచ్చెలు రెండు సాళ్లు బావికాడ, లైటు పడని వైపు నాటారు. లైటు పడే వైపు నాటితే ఆ రకం పూయదో, లైటే ఆపిందో తేలదు.